ఫోన్ రాని రాత్రి

ప్రశ్న: మాది కోరుట్ల. మా ఆయన దుబాయ్‌లో ఉంటారు. ఫోన్ రాకుంటే నిద్ర పట్టదు. ప్రార్థించినా భయం పోదు. నా విశ్వాసం తక్కువా?

జవాబు: తక్కువేం కాదమ్మా. జగిత్యాల, సిరిసిల్లల్లో కూడా గల్ఫ్‌కు మనిషిని పంపిన ఇళ్లలో ఈ దిగులు మామూలే. దేవుని సమాధానం హృదయాలకు కావలి ఉంటుందని ఫిలిప్పీ పత్రిక 4వ అధ్యాయంలో రాసిన పౌలు అప్పుడు బంధకాల్లోనే ఉన్నాడు. చింతపడొద్దని చెప్పి ఊరుకోలేదు, విన్నపాలు దేవునికి తెలపమన్నాడు. అందుకని మీ భయాలను విడివిడిగా చెప్పుకోండి: అప్పు, వీసా, ఆయన ఆరోగ్యం. హృదయాన్ని కాపాడుకోమనే సామెతలు 4:23ను నేనైతే రాత్రిపూట ఫోన్‌కు కూడా వర్తింపజేస్తాను. ఎప్పటివో తెలియని గల్ఫ్ ప్రమాదాల వాట్సాప్ వీడియోలు చూడకండి. రెండు వారాలైనా నిద్ర రాకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. సాయం అడగడం అవిశ్వాసమని ఎవరన్నా పట్టించుకోకండి.