నడుం "పట్టేసింది" అంటే ఏంటి?

హాస్టల్‌లో ఆదివారం బట్టలుతికే పూట ఈ మాట తరచూ వినపడుతుంది: "బకెట్ ఎత్తానంతే, పాత నడుం నొప్పి మళ్లీ పట్టేసింది రా." వెంటనే పక్కవాడు "డిస్క్ జారిందేమో, స్కాన్ తీయించుకో" అని భయపెడతాడు. ఈ రెండిట్లో మొదటి మాటే నిజానికి దగ్గరని నాకనిపిస్తుంది. చాలాసార్లు నడుం కండరాలు బిగుసుకుపోయి, కదలనివ్వకుండా పట్టేస్తాయి.

డిస్క్ అనేది వెన్నుపూసల మధ్య ఉండే మెత్త. పైనా కిందా ఎముకకి గట్టిగా అతుక్కునే ఉంటుంది, సబ్బులా జారిపోదు. ఉబ్బచ్చు, అంచు చీలి లోపలి గుజ్జు బయటికి రావచ్చు. కానీ ఉబ్బు కనపడినంత మాత్రాన నొప్పికి అదే కారణం అనలేం. 2015లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం, అసలు నొప్పే లేనివాళ్లకి స్కాన్ తీస్తే 20 ఏళ్ల వయసులో 30 శాతం మందికి, 80 ఏళ్ల వయసులో 84 శాతం మందికి డిస్క్ ఉబ్బు కనపడింది. మా అమ్మ తన రిపోర్టులో "డిస్క్ బల్జ్" అని చూసిన రోజు నుంచి బిందె ఎత్తడం మానేసింది. నొప్పి కన్నా ఆ రెండు ఇంగ్లిష్ మాటలే ఎక్కువ పని చేశాయి.

మరి పాత నొప్పి ఎందుకు తిరగబెడుతుంది? వెన్నుపూసల్ని ఆనుకుని మల్టిఫిడస్ అనే కండరం ఉంటుంది. పూసల్ని నిలకడగా పట్టి ఉంచడం దాని పని. నొప్పి తగ్గిపోయినా ఈ కండరం దానంతటదే కోలుకోదని 1996లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. అంటే నొప్పి పోయింది గానీ కాపలావాడు ఇంకా డ్యూటీకి రాలేదు. ఆ కండరానికి ప్రత్యేకంగా వ్యాయామం చేసినవాళ్లలో ఏడాదిలోపు 30 శాతం మందికి నొప్పి తిరగబెడితే, చేయనివాళ్లలో 84 శాతం మందికి తిరగబెట్టింది. చూసింది 39 మందినే కాబట్టి అంకెల్ని పట్టుకుని వేలాడక్కర్లేదు, దిశ చూస్తే చాలు.

ఇక బకెట్ లెక్క. ఫస్టియర్ మెకానిక్స్ చాలు. 15 లీటర్ల నీళ్లు, అంటే 15 కిలోలు. వెన్నుకి 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని ఎత్తామనుకోండి. వెన్ను కండరాలకి దొరికే దూరం సుమారు 5 సెంటీమీటర్లే, కాబట్టి అవి ఎనిమిది రెట్లు లాగాలి: 120 కిలోలు! వంగిన మన ఒంటి బరువు దీనికి అదనం. అదే బకెట్‌ని 20 సెంటీమీటర్ల దగ్గరికి లాక్కుంటే 60కి దిగుతుంది. సగం నింపి రెండుసార్లు మోస్తే ఇంకా హాయి, ఎవరు నవ్వితే మనకేం.

పట్టేశాక ఓ పూట నడుం వాల్చడంలో తప్పులేదు. వారం రోజులు మాత్రం వద్దు. 1995లో హెల్సింకి నగర ఉద్యోగుల్ని మూడు గుంపులు చేసి చూశారు: రెండు రోజులు మంచం మీదున్నవాళ్లు, నడుం వ్యాయామాలు చేసినవాళ్లు, ఓర్చుకోగలిగినంత వరకు మామూలు పనులు చేసుకున్నవాళ్లు. మూడోవాళ్లే అందరికన్నా త్వరగా కోలుకున్నారు. వ్యాయామాలు ఆ మొదటి రోజుల్లో కాదు, నొప్పి సద్దుమణిగాక మొదలుపెట్టాలి. మనవాళ్లు సరిగ్గా అప్పుడే మర్చిపోతారు.

కాలు బలహీనపడినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మలమూత్రాల మీద పట్టు తప్పినా ఇవేవీ వర్తించవు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి, మర్నాడు సెమ్ ఎగ్జామ్ ఉన్నా సరే.