ఆ సుఖానికి చాకిరీ ఎవరిది?

తణుకు

చి.సౌ. అమ్మలుకు దొడ్డమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన పట్టిక మీ అమ్మా నేనూ కలిసి చదివాం. ఒకపక్క డాలస్, ఒకపక్క తణుకు. నీళ్లు, రోడ్లు, బడి, ఆస్పత్రి, జీతం, ఒక్కోదానికీ మార్కులు. చివరికి రెండూ సమానంగా వచ్చాయి, ఏం చెయ్యమంటావు దొడ్డమ్మా అన్నావు. ఉండమనీ చెప్పను, వచ్చెయ్యమనీ చెప్పను. అందులో ఒక గడి తక్కువైంది, అది మాత్రం చెబుతాను.

అమెరికాకి వేసిన మార్కులు న్యాయమే. మంచినీళ్ల సంగతే చూడు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచీ మన డెల్టా అంతా కాలువలే. అయినా తాగే నీళ్లు 20 లీటర్ల టిన్నుల్లో కొనుక్కుంటున్నాం. అమెరికాలో మీ అన్నయ్య దగ్గర ఉన్నన్నాళ్లూ నేను కుళాయి తిప్పి, గ్లాసు పట్టుకుని తాగేదాన్ని. మానవాభివృద్ధి సూచీలో 2023 లెక్కల ప్రకారం అమెరికాది 17వ స్థానం, మనది 130. సగటు ఆయుష్షు అక్కడ 79 ఏళ్లు, ఇక్కడ 72. వీటితో నాకు పేచీ లేదు.

జీతం దగ్గర మాత్రం డాలర్లని బ్యాంకు రేటుతో గుణించేశావు. ప్రపంచ బ్యాంకు కొనుగోలు శక్తి లెక్క ప్రకారం అక్కడ డాలరు ఖర్చయ్యే చోట ఇక్కడ సుమారు 20 రూపాయలతో సరిపోతుంది. ఎందుకు సరిపోతోంది? ఇక్కడ మనిషి చవక, ముఖ్యంగా అందుకు. నేను చెప్పే గడి అదే: ఈ సుఖానికి చాకిరీ ఎవరిది?

"ఇక్కడ అన్నీ మనమే చేసుకోవాలి, ఇండియాలో అయితే హాయి" అని రాశావు. ఆ హాయి ఎక్కణ్ణుంచి వస్తోందో మా మెట్ల మీద నిలబడితే తెలుస్తుంది. నీళ్ల కుర్రాడు టిన్ను భుజాన వేసుకుని రెండంతస్తులు ఎక్కుతాడు, ఖాళీ టిన్ను పట్టుకుని దిగుతాడు, పక్కవాటాకి మళ్లీ ఎక్కుతాడు. పనమ్మాయి తెల్లారకుండా మొదలెట్టి నాలుగిళ్ల అంట్లు తోమి, ఆనక తన ఇంటి అంట్ల దగ్గరకి వెళుతుంది. డాలస్‌లో మనిషిని పెట్టుకోవాలంటే గంటల లెక్కన ఇచ్చుకోవాలి గనక, నువ్వూ అల్లుడూ తోముకుంటున్నారు. అలాగని అక్కడ అందరూ ఎవరి పని వాళ్లే చేసుకుంటున్నారనుకోకు. మీ వీధిలో గడ్డి కోసేవాళ్లు ఏ దేశం నుంచి వచ్చారో ఒకసారి అడుగు.

పనమ్మాయి వాళ్లింట్లోనూ రెండు దేశాల లెక్క నడుస్తోంది. వాళ్లక్క కువైట్‌లో ఒకరింట్లో పనిచేస్తోంది. నరసాపురం, పాలకొల్లు, భీమవరం వైపు ఇలా వెళ్లినవాళ్లు ఎందరో నీకూ తెలుసు. ఇళ్లలో పనిచేసేవాళ్లకి వారానికో సెలవు, రోజుకి 12 గంటలకి మించకుండా పని అని కువైట్‌లో 2015లో చట్టం చేశారు. ఆ సెలవు నిజంగా చేతికందడం మాత్రం ఇంటావిడ మంచితనాన్ని బట్టి ఉంటుందట. ఆ అక్క పంపిన డబ్బుతో ఇక్కడ స్లాబు పడింది. పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నారు. కువైట్ మేలా, తణుకు మేలా అంటే ఆవిడొక మాట చెబుతుంది, ఆ పిల్లలొక మాట చెబుతారు, అమ్మమ్మ ఇంకో మాట చెబుతుంది.

మన ఇంట్లోనూ అంతేనే. "పిల్లల్ని అమ్మ చూసుకుంటుంది" అని తణుకు కింద పది మార్కులు వేశావు. చదివి మీ అమ్మ మురిసిపోయింది. ఆవిడ మోకాళ్లకి ఇంజెక్షన్లు చేయించుకుంటోందని నీకెవరూ చెప్పలేదు, నేను చెబుతున్నాను.

ఇక చెయ్యాల్సిన పనులు. నువ్వు అక్కడ ఉద్యోగంలో చేరి ఎన్నేళ్లయిందో చూసుకో. పదేళ్లు, అంటే 40 క్రెడిట్లు, నిండకపోతే సోషల్ సెక్యూరిటీ పింఛను రాదు. రెండు దేశాలకీ ఒప్పందం లేదు గనక ఇక్కడి సర్వీసు దానికి కలవదు. రెండోది, పెద్దాడు ఇక్కడ పుట్టినవాడు. గ్రీన్ కార్డు రాకుండా 21 నిండితే మీ వీసా మీద ఉండే హక్కు పోతుంది. ఉద్యోగాల మీద ఇచ్చే కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం అని హద్దు ఉంది, మనవాళ్ల వరసేమో చాంతాడంత. వచ్చేదుంటే వాడు పదో తరగతికి రాకముందే తేల్చుకోండి.

మూడోది, ఈసారి సంక్రాంతికి రాకు. సంక్రాంతికి ఏ ఊరైనా బాగానే ఉంటుంది. మేలో రా. కాలువలు కట్టేసి, ఉక్కపోసి, కరెంటు పోతూ వస్తూ ఉన్నప్పుడు వేరే వాటా అద్దెకి తీసుకుని నెలరోజులు కాపురం చెయ్యి. పనమ్మాయికి వారానికో సెలవు ఇవ్వు, జీతం నీ మనసు ఒప్పేంత ఇవ్వు, పిల్లల్ని నువ్వే చూసుకో. అప్పటికీ ఇక్కడే బాగుందనిపిస్తే నిక్షేపంలా వచ్చెయ్యండి. అనిపించకపోతే బెంగపడకుండా అక్కడే ఉండండి, మమ్మల్ని చూసుకోవడానికి దారులు వెతుకుదాం.

ఏది తేలినా, మీ అమ్మని కూర్చోబెట్టి అడక్కుండా మాత్రం టిక్కెట్లు కొనకు.

ఇట్లు
మీ దొడ్డమ్మ