రాయని చట్టం: ఫ్రిట్జ్ పోలార్డ్ జీవితం

ఫుట్‌బాల్ అనగానే మనకు కాలితో తన్నే గుండ్రటి బంతి గుర్తొస్తుంది. అమెరికావాళ్ళు ఆ పేరుతో పిలుచుకునేది వేరే ఆట. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత పట్టుకుని, ఎదుటి పదకొండు మందినీ తప్పించుకుంటూ పరుగెత్తాలి. మన కబడ్డీలో కూతకొచ్చినవాణ్ణి పట్టినట్లు వాళ్ళు పట్టి పడగొడతారు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోలేకపోతే బంతి అవతలి జట్టుదవుతుంది. ఇంత మోటు ఆటలో 5 అడుగుల 9 అంగుళాల మనిషి, అందులోనూ నల్లవాడు, మేటి అనిపించుకున్నాడంటే అది సామాన్య విషయం కాదు. అందుకే ఆయన్ని గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది.

ఫ్రిట్జ్ పోలార్డ్ 1894లో చికాగోలో పుట్టాడు. బానిసత్వాన్ని ఎదిరించిన ఫ్రెడరిక్ డగ్లస్ పేరే తల్లిదండ్రులు అతనికి పెట్టారు. బ్రౌన్ విశ్వవిద్యాలయంలో చదువుతూ, 1916 జనవరి 1న కాలిఫోర్నియాలో జరిగిన రోజ్ బౌల్ పోటీలో ఆడాడు. ఆ పోటీలో ఆడిన మొదటి నల్లజాతి క్రీడాకారుడు అతడే. ఆ రోజు బ్రౌన్ జట్టు ఓడిపోయింది. కాని అదే ఏడాది చివర్లో యేల్, హార్వర్డ్ అనే రెండు ఉద్దండ జట్లనూ వరసగా ఓడించింది. రెండింటిలోనూ పోలార్డ్ పరుగే ప్రాణం!

కింద పడ్డాక కూడా మీద పడి గాయపరచాలని చూసేవాళ్ళకు కొదవలేదు. అందుకని పడగానే వెల్లకిలా తిరిగి, మేకుల బూట్లున్న కాళ్ళను సైకిలు తొక్కినట్టు గాలిలో ఆడించేవాడట. ఇక మీదికెవడొస్తాడు?

1919లో ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్ జట్టులో డబ్బు తీసుకుని ఆడే వృత్తి ఆటగాడయ్యాడు. మరుసటి ఏడు, అంటే 1920లో, నేటి నేషనల్ ఫుట్‌బాల్ లీగుకు మూలమైన సంఘం ఏర్పడింది. ఏక్రన్ జట్టు ఎనిమిది ఆటలు గెలిచి, మూడు సమం చేసి, ఒక్కటీ ఓడకుండా తొలి ఛాంపియన్ అయింది. ఇంత చేసినవాడికి సొంత ఊరి మైదానంలో తోటివాళ్ళతో కలిసి బట్టలు మార్చుకునే చోటు లేదు. యజమాని చుట్టల ఫ్యాక్టరీలో మార్చుకుని రావలసి వచ్చేది! 1921లో ఆ జట్టుకే కోచ్‌లలో ఒకడయ్యాడు. ఆ లీగులో తొలి నల్లజాతి కోచ్ ఆయనే. సుప్రసిద్ధ గాయకుడు పాల్ రాబ్సన్ కూడా ఆ ఏడు ఆ జట్టులో ఆడాడు.

1926తో పోలార్డ్‌కు ఆ లీగుతో సంబంధం తెగిపోయింది. 1933 తరువాత పన్నెండేళ్ళపాటు ఆ లీగులో ఒక్క నల్ల ఆటగాడు కూడా లేడు. నియమావళిలో "నల్లవాళ్ళు ఆడరాదు" అని ఎక్కడా లేదు. యజమానులంతా మాట్లాడుకున్నట్లు ఎవరూ తీసుకోలేదు, అంతే. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇదే. రాసిన చట్టాన్ని కోర్టులో ప్రశ్నించవచ్చు. రాయని చట్టాన్ని ఎక్కడ పట్టుకుంటాం?

పోలార్డ్ చేతులు ముడుచుకు కూర్చోలేదు. నల్ల ఆటగాళ్ళతో 1928లో చికాగో బ్లాక్ హాక్స్ జట్టు కట్టాడు. 1935లో న్యూయార్కులో బ్రౌన్ బాంబర్స్ జట్టుకు కోచ్ అయ్యాడు. "మాలో ఆటగాళ్ళు లేరన్నదెవరు?" అని మైదానంలోనే అడిగినట్లయింది. చివరకు 1946లో తలుపు తెరుచుకుంది. లాస్ ఏంజిలిస్‌కు తరలివచ్చిన రామ్స్ జట్టుకు అక్కడి ప్రజల డబ్బుతో కట్టిన స్టేడియం కావాలి. నల్లవాళ్ళను తీసుకోని జట్టుకు అది ఎందుకివ్వాలని నల్లజాతి పత్రికలవాళ్ళు నిలదీశారు. కెనీ వాషింగ్టన్, వుడీ స్ట్రోడ్ అలా లోపలికొచ్చారు. కోచ్ పదవికి మాత్రం ఇంకా చాలాకాలం పట్టింది. పోలార్డ్ తరువాత ఆ లీగులో మరో నల్లజాతి ప్రధాన కోచ్‌గా ఆర్ట్ షెల్ వచ్చింది 1989లో!

పోలార్డ్ అది చూడలేదు. 1986లోనే కన్నుమూశాడు. వృత్తి ఫుట్‌బాల్ కీర్తిమందిరంలో ఆయనకు స్థానం దక్కింది 2005లో.

మిత్రులారా! పోలార్డ్‌ను బయట పెట్టిన కాగితం ఏదీ లేదు. ఆయన గెలిచిన ఆటల లెక్కలు మాత్రం కాగితం మీద మిగిలాయి. ఆలస్యంగానైనా న్యాయం జరిగిందంటే ఆ లెక్కల బలమే. మన చుట్టూ ఎవరికైనా చోటు లేనప్పుడు "రూలేముంది?" అని అడిగి ఊరుకోకూడదు. "ఎవరు లేరు? ఎందుకు లేరు?" అని కూడా అడగాలి.