వృద్ధాశ్రమంలో ఆ మిగిలిన గంటలు ఎవరివి?

పెద్దల సంరక్షణ అనగానే మనకు డాక్టరు, నర్సు, వంటమనిషి గుర్తుకు వస్తారు. వేళకు మందు, వేళకు అన్నం అందితే చాలుననుకుంటాం. మరి మందుకూ భోజనానికీ మధ్య మిగిలిన గంటల మాటేమిటి? ఆ గంటల బాధ్యత మోసే ఉద్యోగుల గురించి తెలుసుకుందాం.

అసిస్టెడ్ లివింగ్ అంటే

తన గదిలో తాను ఉంటూ, స్నానం, మందులు, భోజనం వంటి వాటిలో అవసరమైనంత సాయమే పొందే నివాసాన్ని అమెరికాలో అసిస్టెడ్ లివింగ్ అంటారు. 1983లో ఒరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో కెరెన్ బ్రౌన్ విల్సన్ ప్రారంభించిన పార్క్ ప్లేస్ ఇటువంటి తొలి నివాసాల్లో ఒకటి. ఇటువంటి చోట్ల కార్యక్రమాలు నడిపేవారే యాక్టివిటీ సిబ్బంది. వారిని గౌరవించడానికి అక్కడ జనవరిలో ఒక వారాన్ని కేటాయించారు.

వారి పని

మాకు పాఠ్యప్రణాళిక ఎలాగో, వారికి నెలవారీ కార్యక్రమ పట్టిక అలాగ. కుర్చీలో కూర్చుని చేసే వ్యాయామం, పాటలు, పత్రిక చదివి చర్చించుకోవడం, బొమ్మలు, మొక్కలు, పండుగలు అన్నీ అందులో ఉంటాయి. అంతకన్నా ముందు, ప్రతి ఒక్కరూ ఏ పని చేసి బతికారో, ఏ పాట ఇష్టమో అడిగి తెలుసుకుంటారు. డిమెన్షియా ఉన్నవారికి ఒక్కసారి ఒక్క మాటే చెప్పి చేయిస్తారు. గది విడిచి రానివారి దగ్గరకు తామే వెళతారు. నిన్న పక్కన కూర్చుని పాడినవారు ఇవాళ లేకపోతే, ఆ దుఃఖం దిగమింగుకుని మళ్లీ పాట మొదలుపెడతారు.

ఒక పరిశోధన చెప్పిన పాఠం

1976లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అమెరికాలోని ఒక నర్సింగ్ హోమ్‌లో చేసిన పరిశోధనను ప్రకటించారు. ఒక అంతస్తులోని వారికి తలా ఒక మొక్క ఇచ్చి మీరే పెంచుకోండన్నారు. సినిమా ఏ రోజు చూడాలో కూడా వారి ఇష్టానికే వదిలారు. మరో అంతస్తు వారికీ మొక్కలిచ్చారు గానీ నీళ్లు నర్సులే పోస్తారన్నారు. మూడు వారాల తరువాత చూస్తే మొదటివారిలో చురుకు, సంతోషం ఎక్కువగా కనిపించాయి. చేసిపెట్టడం వేరు, చేయనివ్వడం వేరు. మంచి యాక్టివిటీ ఉద్యోగికి ఈ తేడా తెలుసు.

మన సంగతి

మన దేశంలో 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 19వ సెక్షన్ వృద్ధాశ్రమాల్లో వైద్యంతోపాటు వినోద సాధనాలను కూడా పేర్కొన్నది. అయితే సాధనం ఉంటే సరిపోదు. గోడకు టీవీ తగిలించినంత మాత్రాన పెద్దల ఒంటరితనం పోదు. పలకరించి కదిలించే మనిషి కావాలి.

మనం చేయగలిగినవి

1. ఆ ఉద్యోగిని పేరు పెట్టి పిలవండి. ఆడించే పనేగా అని చులకన చేయవద్దు.
2. మీ పెద్దల అలవాట్లు, ఇష్టాలు రాసి ఇవ్వండి.
3. ఒక కార్యక్రమంలో మీరూ కూర్చోండి.
4. మంచి పనిని నిర్వాహకులకు రాతపూర్వకంగా తెలపండి.
5. నిర్వాహకులైతే, వారిని వేరే పనులకు లాగకండి. సామగ్రికి ప్రత్యేకంగా సొమ్ము కేటాయించండి.

ఈసారి పెద్దలను చూడడానికి వెళ్లినప్పుడు “తిన్నారా, మందు వేసుకున్నారా” అన్న తరువాత “ఇవాళ ఏం చేశారు?” అని కూడా అడగండి. జవాబులో ఎవరి పేరైనా వినిపిస్తే, తిరిగి వచ్చేముందు ఆ మనిషిని కలిసి కృతజ్ఞత చెప్పండి.