ఊట లెక్క తెలిస్తేనే ఊరి ప్రణాళిక

వాతావరణ మార్పు అనగానే మనకి కరిగే మంచు కొండలూ, పెద్ద పెద్ద సదస్సులూ గుర్తొస్తాయి. సీతంపేట కొండల్లో దాని రూపం వేరు. ఏప్రిల్ దాటాక ఊట దగ్గర బిందె నిండటానికి ఎంతసేపు పడుతోంది? అక్కడ అసలు ప్రశ్న ఇదే. నేను ఈ వ్యాసంలో చెప్పదలుచుకున్నది ఒక్కటే. గ్రామ పంచాయతీ ఈ మార్పుకి సిద్ధపడాలంటే కొత్త పథకం వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఏటా రాసుకునే పంచాయతీ ప్రణాళికలోనే ఊట లెక్కని మొదటి పేజీకి తేవాలి. ఎలాగో చూద్దాం. సివిల్ కాని మిత్రులు భయపడొద్దు, ఇందులో గుణకారం, భాగహారం దాటి ఏమీ లేదు.

కొండ మీద ఏం మారుతోంది?

సీతంపేట 2022 ఏప్రిల్ 4 దాకా శ్రీకాకుళం జిల్లాలో ఉండేది, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. సవరలు, జాతాపులు ఎక్కువగా ఉండే ప్రాంతం. ఒక్కో పంచాయతీ కింద కొండవాలు మీద విడివిడిగా చాలా గూడలుంటాయి. చాలా గూడలకి తాగునీరు ఊట నుంచే. కొన్నిచోట్ల ఊట దగ్గర చిన్న తొట్టి కట్టి, మోటారు లేకుండా పైపుతో కిందకి దింపుతారు. దాన్నే గ్రావిటీ పథకం అంటున్నాం.

తూర్పు కనుమల్లో ఈ వైపు ఎక్కువగా కనిపించేది ఖొండలైట్ రాయి. పైపొర శిథిలమై మెత్తగా ఉంటుంది, కింద గట్టి రాయి. వాన నీరు మెత్తని పొరలోకి ఇంకి, గట్టి రాయి తగిలాక పక్కకి జారి, వాలు తెగిన చోట ఊటగా బయటికొస్తుంది. అంటే కొండ ఒక బ్యాంకు. వానలో జమ, వేసవిలో ఖర్చు.

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. అందుకే కురిసినప్పుడు కుండపోతగా కురుస్తుంది, మధ్యలో ఎండ విరామాలు పెరుగుతాయి. నెమ్మదిగా పడే ముసురు నేలలోకి ఇంకుతుంది. గంటలో దంచే వాన గెడ్డలోకి పారిపోతుంది. ఏడాది మొత్తం వాన తగ్గకపోయినా, ఊట మాత్రం తగ్గొచ్చు. వర్షపాతం పట్టిక ఒక్కటే చూసి ప్రణాళిక రాస్తే ఈ సంగతి పట్టుబడదు.

రెండో ముప్పు తుఫాను. 2018 అక్టోబరు 11న టిట్లీ మన తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు కూలిపోయాయి. పక్కనే ఉన్న ఒడిశా గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి మనుషులు చనిపోయారు. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నం దగ్గర తీరం దాటింది. కాబట్టి కొండ ఊరి ప్రణాళికకి రెండు కళ్లుండాలి. ఒకటి మే నెల మీద, ఇంకోటి అక్టోబరు మీద.

పంచాయతీ చేతిలో ఏముంది?

అనుకున్నదానికన్నా ఎక్కువే ఉంది. 73వ రాజ్యాంగ సవరణ తెచ్చిన పదకొండో షెడ్యూల్‌లోని 29 అంశాల్లో తాగునీరు, చిన్ననీటి వనరులు, వాటర్‌షెడ్, సామాజిక అడవులు ఉన్నాయి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకిచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే కట్టేసింది. ఆ తాగునీటి పద్దులోనే వాన నీటి నిల్వ కూడా ఉంది. కందకాలు, రాతి కట్టలు, మొక్కల పెంపకం లాంటివి ఉపాధి హామీలో ఎప్పటినుంచో చేస్తున్న పనులే.

షెడ్యూల్డ్ గ్రామాలకి 1996 నాటి పెసా చట్టం ఇంకో బలం. ఆ చట్టం దృష్టిలో ఊరంటే రెవెన్యూ గ్రామమే కానక్కర్లేదు. ఒక గూడ, లేదా కొన్ని గూడల సముదాయం కూడా ఊరే, దానికీ గ్రామసభ ఉంటుంది. అభివృద్ధి పనుల ప్రణాళిక అమలుకి ముందు ఆ సభ ఆమోదం పొందాలి. షెడ్యూల్‌లో లేని గిరిజన గ్రామానికి పెసా వర్తించకపోయినా పంచాయతీరాజ్ చట్టం కింద గ్రామసభ ఉంటుంది, ప్రణాళిక అక్కడ కూడా సభ ముందుకి రావాల్సిందే.

మరి లోటెక్కడ? నేను ఒక కొండ పంచాయతీలో గ్రామసభకి వెళ్లి కూర్చున్నాను. పనుల జాబితా చదివారు. సిమెంటు రోడ్డు, కాలువ, ప్రహరీ గోడ, మళ్లీ సిమెంటు రోడ్డు. రోడ్డు వద్దని ఎవరూ అనరు, డోలీ మోసినవాళ్లకి రోడ్డు విలువ మనకన్నా బాగా తెలుసు. కానీ ఊట మాట ఆ జాబితాలో లేదు. రోడ్డుకి పొడవు, వెడల్పు, అంచనా విలువ ఉన్నాయి. ఊటకి ఏ అంకె లేదు. అంకె లేనిది జాబితాలోకి ఎక్కదు.

పాఠం ఒకటి: బక్కెట్టు, ఫోను

పది లీటర్ల బక్కెట్టు ఊట ధార కింద పెట్టండి. ఫోనులో స్టాప్‌వాచ్ నొక్కండి. మూడుసార్లు కొలిచి సగటు తీయండి. నెలకోసారి, ఒకే తేదీన.

ఉదాహరణకి ఒక గూడలో 40 ఇళ్లు, 160 మంది అనుకుందాం. నవంబరులో బక్కెట్టు 40 సెకన్లలో నిండింది. అంటే నిమిషానికి 15 లీటర్లు, రోజుకి 21,600. మే నెలలో అదే బక్కెట్టుకి 4 నిమిషాలు పట్టింది. నిమిషానికి రెండున్నర లీటర్లు, రోజుకి 3,600. జల్ జీవన్ మిషన్ ప్రమాణం మనిషికి రోజుకి 55 లీటర్లు. ఆ లెక్కన గూడకి కావాల్సింది 8,800. మేలో మనిషికి దక్కేది 22 లీటర్ల చిల్లర. అది కూడా రాత్రి నీటిని పట్టుకుంటేనే. తొట్టి లేకుండా పగలు 12 గంటలే పట్టుకుంటే 1,800 లీటర్లే మిగిలేది.

ఇప్పుడు సభ ముందు రెండు పనులు స్పష్టంగా నిలబడ్డాయి. ఒకటి, రాత్రి నీరు ఆపే తొట్టి. ఇది ఈ వేసవికే అక్కరకొస్తుంది. రెండోది, ఊటనే పెంచే పని. దానికి కొన్ని వానాకాలాలు ఓపిక పట్టాలి.

పాఠం రెండు: నీరు ఎక్కడ ఇంకుతోంది?

ఊటకి సరిగ్గా పైన ఉన్న వాలే దాని నీటి మూలం అనుకోకూడదు. రాతి పొరలు ఎటు వాలి ఉంటే నీరు అటు జారుతుంది. మూలం కొండ అవతలి వైపు, పక్క పంచాయతీలో కూడా ఉండొచ్చు. అందుకే భూగర్భజల శాఖ నిపుణుల్ని, పశువులు కాసే పెద్దల్ని కలిపి కొండ ఎక్కించాలి. ఏ వాన తర్వాత ఎన్ని రోజులకి ఊట పుంజుకుంటుందో ఆ పెద్దలకి తెలుసు.

మూలం దొరికాక, రెండు మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు, అర మీటరు లోతు కందకం ఒక్కసారి నిండితే 500 లీటర్లు. వంద కందకాలు నిండితే 50,000. అదంతా ఊటకే రాదు. కొంత చెట్లకి, కొంత ఎండకి పోతుంది. అయినా గెడ్డలోకి పరుగెత్తే నీరు కొండలో ఆగుతుంది. సిక్కింలో 2008లో మొదలైన ధారా వికాస్ ఇదే దారిలో, ఉపాధి హామీ కూలీలతోనే నడిచింది.

రెండు జాగ్రత్తలు. నిటారు వాలు మీద, పగుళ్లున్న చోట కందకాలు తవ్వొద్దు, చరియ జారే ప్రమాదం ఉంది. ఊట నోరు పెద్దది చేద్దామని గునపంతో పొడవొద్దు, దారి మారి నీరు ఇంకెక్కడో తేలొచ్చు.

పాఠం మూడు: నీరు ఎవరిది?

ఇది లెక్కల పుస్తకంలో దొరకదు. ఊట నీరంతా పైపులోకి ఎక్కిస్తే కింద మడిలో వరి ఏమవుతుంది? పశువుల మాటేమిటి? ఎగువ గూడ కందకాలు తవ్వితే ఊట పెరిగేది దిగువ గూడకైతే, ఎగువ వాళ్లకి ఏం దక్కాలి? కూలి డబ్బులు సరే, వాళ్ల ఊటకీ అదే ప్రణాళికలో చోటుండాలి కదా. ఈ బేరం తేలాల్సింది గ్రామసభలోనే. అది పంచాయతీ కేంద్రంలో కాకుండా గూడలోనే జరిగితే నీళ్లు మోసే ఆడవాళ్లు వచ్చి మాట్లాడగలరు.

మాట అన్నాక భాష వస్తుంది. ఈ కొండలకి దగ్గర్లోని పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకున్నారు, ఆ భాషకి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. మనం ఆగస్టు 29న ఆయన్ని వ్యావహారిక తెలుగు కోసం తలుచుకుంటాం. సవరల పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలన్నది కూడా ఆయన పట్టుదలే. ప్రణాళికకీ అదే వర్తిస్తుంది. 'రీఛార్జ్ జోన్' అని తెరమీద చూపిస్తే అందరూ తలూపుతారు. అదే సంగతి సవరలో అడిగితే, ఆ స్థలం ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తారు.

అక్టోబరు పేజీ

చివరి పేజీ తుఫానుది. ఏ ఇళ్లు పగుళ్లున్న వాలు కింద ఉన్నాయి, ఏ బడి భవనం గట్టిది, దారి తెగితే గర్భిణుల్ని ముందుగా ఎక్కడికి చేర్చాలి, సిగ్నల్ లేని గూడకి కబురు ఎవరు మోస్తారు. 2018 వరదల తర్వాత కేరళ ప్రతి స్థానిక సంస్థ చేతా ఇలాంటి విపత్తు ప్రణాళిక రాయించే పని చేపట్టింది. మన దగ్గర కూడా దీనికి పెద్ద ఖర్చేమీ కాదు, ఒక పటం, కొన్ని పేర్లు, ఏటా సెప్టెంబరులో ఒకసారి సరిచూసుకోవడం.

సర్వేయింగ్ ల్యాబ్‌లో మనం కాలేజీ గ్రౌండునే ఎన్నిసార్లు కొలిచామో మీకు తెలుసు. వచ్చే సెమిస్టర్ మైనర్ ప్రాజెక్టుగా ఒక్కో బృందం ఒక్కో గూడ ఊటని ఏడాదిపాటు కొలవొచ్చు. పంచాయతీ ప్రణాళికల కసరత్తు సాధారణంగా అక్టోబరు 2 నుంచి మొదలవుతుంది. ఆ సభకి మన నివేదిక వెళ్లక్కర్లేదు. పన్నెండు నెలలు, పన్నెండు అంకెలున్న ఒక్క కాగితాన్ని ఆ గూడ మనిషి చేతికిస్తే చాలు. చదివేది వాళ్లే.