చులకన చూపుకు ఇంగ్లీషు మాట

చి. అమ్ములుకు పెదనాన్న ఆశీస్సులు.

'లుక్ డౌన్ ఆన్' అన్న మాట ఆఫీసులో తరచూ వినబడుతోందనీ, సరిగ్గా ఎలా వాడాలో రాయమనీ అడిగావు. ఒకరిని మనకంటే తక్కువగా లెక్కగట్టి చిన్నచూపు చూడటం దాని అర్థం. కారణం డబ్బు కావచ్చు, చదువు కావచ్చు, కులం కావచ్చు, యాస కావచ్చు. కొండమీది కోట ఊరివైపు చూస్తోందనడానికీ ఈ మాటే వాడతారు కానీ, మనుషుల మధ్య వచ్చిందంటే చాలావరకు చులకన భావమే.

వాడేటప్పుడు మూడు మాటల్నీ కలిపే ఉంచు. 'లుక్ డౌన్ ఆన్ హిమ్' అనాలి. 'హిమ్'ని మధ్యలో ఇరికించకూడదు. 'పుట్ డౌన్' దీనికి భిన్నం. అక్కడ 'పుట్ హిమ్ డౌన్' అన్నదే ఒప్పు. ఇంకో తేడా కూడా ఉంది. మొదటిది మనసులోని భావం, రెండోది నలుగురిలో మాటతో కించపరచడం. కర్మణి వాక్యంలో 'దే ఆర్ లుక్డ్ డౌన్ ఆన్' అంటాం. మనవాళ్లు చివరి 'ఆన్'ని తరచూ మింగేస్తారు, నువ్వు మింగకు. 'ఆన్' బదులు 'అపాన్' అంటే కాస్త గ్రాంథికంగా ఉంటుంది, అంతే.

దీనికి ఎదురుమాట 'లుక్ అప్ టు', అంటే గౌరవంతో చూడటం. ఈ జంటను బాగా పట్టుకున్నది 1966లో బీబీసీ 'ది ఫ్రాస్ట్ రిపోర్ట్'లో వచ్చిన ఒక హాస్య ఘట్టం. పొడుగాటి జాన్ క్లీజ్ పైతరగతి, రోనీ బార్కర్ మధ్యతరగతి, పొట్టి రోనీ కార్బెట్ కార్మికుడు. ముగ్గురూ ఎత్తు ప్రకారం వరసగా నిలబడతారు. మధ్యవాడు పైవాణ్ణి గౌరవంగానూ, కిందివాణ్ణి చులకనగానూ చూస్తానని ఒప్పుకుంటాడు. బ్రిటన్ వర్గభేదాల మీద వేసిన ఆ చురక మనకూ తగులుతుంది. కార్పొరేట్ స్కూలు ఇంగ్లీషు ముందు బెదిరిన మనిషే తెలుగు మీడియం పిల్లాడి ఇంగ్లీషుకు నవ్వడం మనం చూడటం లేదూ?

ఒక జాగ్రత్త. ఎవరిమీదైనా ఫిర్యాదు రాయాల్సి వస్తే 'హి లుక్స్ డౌన్ ఆన్ మి' అని మాత్రమే రాసి ఊరుకోకు. అది అతని మనసు గురించి నువ్వు చెప్పే మాట, కాదంటే నిరూపించలేవు. మీటింగులో నా మాటకు అడ్డుపడ్డాడు, నా యాసను వెక్కిరించాడు అని జరిగింది జరిగినట్టు రాయి. తేదీ కూడా వెయ్యి. అప్పుడు జవాబు చెప్పక తప్పదు.

రేపు నీ కిందకి కొత్త పిల్లలు వస్తారు. వాళ్ల ఇంగ్లీషు తడబడితే నవ్వకు, చెప్పేది పూర్తయ్యేదాకా విను. తప్పు దిద్దాలంటే పక్కకు పిలిచి దిద్దు.

ఇట్లు,
మీ పెదనాన్న