ఫిన్లాండు ముక్కాలిపీట

గుండ్రని పలక, దాని క్రింద మూడు కాళ్లు. ఇంతకంటె సామాన్యమైన వస్తువు వేరొకటి యుండదు. అయినను ఫిన్లాండు వాస్తుశిల్పి ఆల్వార్ ఆల్టో 1933లో కల్పించిన ఈ పీట నేటికిని తయారగుచునే యున్నది. కారణము దాని కాలియందు గలదు.

ఏ పీటకైనను బలహీనస్థానము కాలును పలకయు కలియుచోటు. వడ్రంగి పలకకు రంధ్రము చేసి కాలికొనను అందు బిగించును. అది చాలక కాళ్లనడుమ అడ్డకర్రలు వేయును. ఆ దినములలో జర్మనీయందు నవీనశిల్పులు ఉక్కుగొట్టములను వంచి ఈ చిక్కును దాటిరి. ఉక్కు తాకిన చల్లన, కంటికి మిరుమిట్లు. శీతలదేశపు ఇంటికి అది తగదని ఆల్టో తలచెను. తన దేశమున విరివిగా పెరుగునది బర్చి చెట్టు. మన పూర్వులు గ్రంథములు వ్రాసికొన్న భూర్జపత్రము ఈ జాతి వృక్షముదే.

తుర్కు పట్టణమున కలప సామానుల కర్మాగారము నడపుచుండిన ఒట్టో కొర్హొనెన్‌తో కూడి ఆల్టో పెక్కు ప్రయోగములు చేసెను. బర్చి కర్ర పైకొనలో మాత్రము నార వెంబడి రంపముతో సన్నని గాట్లు కోయుదురు. ఆ గాట్లలో జిగురు పూసిన పలుచని చెక్కపొరలను చొప్పించి, అచ్చులో బిగించి, సమకోణముగా వంచుదురు. జిగురు ఆరిన పిమ్మట వంపు తిరిగి విచ్చుకొనదు. క్రిందిభాగము ఏకఖండపు కర్రయే. మోకాలు మాత్రము పొరలు పొరలుగా నుండును. వంగిన కొనను పలక అడుగున ఆనించి మరలు బిగించినచో పని ముగిసినట్లే. అడ్డకర్ర అక్కరలేదు.

మూడుకాళ్లకు ఒక సుగుణము కలదు: నేల ఎగుడుదిగుడైనను పీట ఊగదు. అయితే బిడ్డ అంచున కూర్చున్నచో ఒరిగిపోవుటయు కలదు. కావుననే నాలుగుకాళ్ల పీటనుకూడ చేసిరి. పాఠశాలకు నాలుగుకాళ్లదే మేలని మా అభిప్రాయము.

వీపురి పట్టణమున ఆల్టో నిర్మించిన గ్రంథాలయము 1935లో తెరువబడెను. అందలి ఉపన్యాసశాలలో శ్రోతలకు ఈ పీటలనే వేసిరి. యుద్ధానంతరము ఆ పట్టణము సోవియట్ దేశమున చేరెను, నేడది రష్యాలోనిది. శిథిలమైన ఆ కట్టడము ఏండ్లతరబడి సాగిన మరమ్మతుల పిదప 2013లో పూర్వరూపము దాల్చెను.

పీటలను అమ్ముటకై ఆల్టోయు, ఆయన భార్య ఐనోయు, మరి యిరువురు మిత్రులును 1935లో ఆర్టెక్ అను సంస్థను స్థాపించిరి. అందరికొరకు కల్పించిన ఈ వస్తువు వెల నేడు అందరికి అందునది కాదు. ఇది విచారకరమే. కాని పాఠశాలలు మున్నగుచోట్ల అరిగిన పాతపీటలను ఆ సంస్థయే తిరిగి కొని, గీతలను, రంగుమరకలను చెరుపక, మరల విక్రయించెను. అందుకై 2011లో హెల్సింకిలో ప్రత్యేకముగా ఒక అంగడి తెరచెను.